సున్న రాయాల్సిన గడి

1980 ఫిబ్రవరి మూడో వారంలో సోమవారం పొద్దున మనోరమ ఇరవై నాలుగు ఫారాలను బల్లమీద పరిచి, ఒక్కొక్కదాని చివరి గడిమీద వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. పదిహేడు గడుల్లో అంకెలున్నాయి. ఏడు గడులు ఖాళీగా ఉన్నాయి.

అవి యాసంగి జొన్న పంట కోత ఫారాలు. జహీరాబాదు చుట్టుపట్ల పన్నెండు ఊళ్లలో, ఊరికి రెండు చేల చొప్పున, ఎవరి ఇష్టంతోనూ పనిలేకుండా అంకెల పట్టిక చూసి ఎంచుతారు. ఎంచిన చేనులో అయిదు మీటర్ల చదరం కొలిచి, అందులో పండినదంతా కోసి, కొట్టి, తూచి, ఆ తూకాన్ని చివరి గడిలో వేయాలి. ఆ పని ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీది. సరిచూడటం జహీరాబాదు గణాంకాల ఆఫీసులో కొత్తగా చేరిన మనోరమ పని. ఈ తూకాల సగటు హైదరాబాదుకు పోతుంది. అక్కడ దాన్ని సాగు భూమితో, ధరతో హెచ్చవేస్తారు. ఢిల్లీలో అన్ని రాష్ట్రాలవీ కలుపుతారు. ఫ్యాక్టరీలవీ, రైళ్లవీ, బ్యాంకులవీ చేరుస్తారు. చివరికి దేశం ఈ ఏడు ఎంత పెరిగిందో, ఎంత తరిగిందో చెప్పే ఒక్క శాతం తేలుతుంది. ఆ శాతానికి మొదలు ఈ గడిలోనే ఉంది.

ఖాళీగా ఉన్న ఏడింటి కిందా దాదాపు ఒకే మాట రాసి ఉంది: ‘పంట లేదు, ప్రయోగం జరగలేదు.’

మనోరమ రెండుసార్లు లెక్క వేసుకుని లేచింది. అవతలి గదిలో సూపర్‌వైజరు మదన్‌మోహన్ పేపరు చదువుతున్నాడు. యాభై దాటిన మనిషి. ఒక్క షేరు కూడా లేకపోయినా బొంబాయి ధరలన్నీ పైనుంచి కిందికి చదవడం ఆయన అలవాటు. పక్కనే చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఉంది. పదిహేడు తూకాలు కూడి, పదిహేడుతో భాగించి, వచ్చిన సగటును ఆయన అప్పటికే ఒక కాగితం మీద రాసి పెట్టాడు. ఒక కిలో తొమ్మిది వందల గ్రాములు.

ఏడు చేలనూ వదిలేస్తే ఆ సగటు వస్తుందని, వాటికి సున్నలు వేసి ఇరవై నాలుగుతో భాగిస్తే ఒక కిలో మూడు వందల యాభై కూడా రాదని మనోరమ చెప్పింది.

మదన్‌మోహన్ పేపరు మడిచాడు. "జరగని ప్రయోగానికి సున్న ఎట్ల వేస్తవ్?"

"జరగనియ్యాలె సార్. పంట లేకున్నా చేను ఉన్నది గదా. విత్తనం ఏసిన్రు, దున్నిన్రు. గది లెక్కల నుంచి ఎట్ల పోతది?"

తప్పు చేస్తున్నానని ఆయనకు అనిపించలేదు. ఇరవై ఏళ్లుగా పంట లేని చేలను అందరూ అలాగే వదిలేస్తున్నారు. నిరుటి సగటు రెండు కిలోల వంద. ఈ ఏడు సెప్టెంబరులో పడిన ఒక్క వాన తప్ప చినుకు లేదు కాబట్టి ఒకటీ తొమ్మిది వందలంటే పైవాళ్లు నమ్ముతారు. ఒకటీ మూడు వందలంటే సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వస్తుంది. అదంతా ఆయన నెమ్మదిగా, చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. మనోరమ విన్నది. విని, చేలింకా దున్నలేదు కాబట్టి తనను పొమ్మంటే ఏడింటినీ కొలుచుకొస్తానంది.

"సరే, పో. హాలదిన్నెల రెండు ఖాళీలున్నయి, ముందు గవి చూడు" అన్నాడాయన చివరికి. "కానీ ఒక మాట యాదిపెట్టుకో. పట్టికల ఏ నంబరొస్తే ఆడనే కొలువాలె. జాలిపడి బోడి జాగ చూసి మేకు కొట్టినవని తెలిసిందనుకో, నేనే నీ మీద రాస్త. మార్చిల నీ ప్రొబేషన్ అయిపోతది గదా."

మనోరమ టేపు, కొయ్యమేకులు, నులక తాడు, తక్కెడ, తూకపురాళ్ల పెట్టె సంచిలో సర్దుకుంది. అంకెల పట్టిక పుస్తకాన్ని విడిగా భుజం సంచిలో పెట్టుకుని, మర్నాడు పొద్దున్నే బయలుదేరింది.

*

న్యాల్‌కల్‌లో బస్సు దిగి హాలదిన్నెకు నాలుగు కిలోమీటర్లు నడవాలి. దారికి అటూ ఇటూ నల్లరేగడి కాలు దూరేంత నెర్రెలు విచ్చి ఉంది. జొన్న మోకాలెత్తు లేచి అక్కడే ఆగిపోయి, ఆకులు చుట్టలు చుట్టుకుని ఉంది. ఊరి దగ్గర మాత్రం ఒకచోట పచ్చగా చెరుకు కనిపించింది. అది రామ్‌కిషన్‌రావు పటేల్‌ది. ఆయనకు మూడు బావులున్నాయి.

పట్వారీ విరూపాక్ష ఊరి చావడి దగ్గర కలిశాడు. సన్నటి మనిషి, మాటకు ముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు. మనోరమ నూట పదిహేడో నంబరు చేనుకు పోదామనగానే అతని ముఖంలో విసుగు కనిపించింది.

"పంట లేని చేన్ల ఏం కోద్దాం మేడం? నేను పోయిన, చూసిన, రాసిన. మళ్ల గంత దూరం ఎందుకు?"

అతను పోలేదని మనోరమకు అప్పుడే తెలిసింది. పోయి ఉంటే చేను పొడవు వెడల్పుల గడులైనా నింపి ఉండేవాడు. ఆ సంగతి పైకి అనకుండా, చేను ఎవరిదో వాళ్లను పిలిపించమంది.

నూట పదిహేడు బసమ్మది. యాభై ఏళ్ల మనిషి, చెరుకు నరికే కత్తి చేతిలో ఉండగానే వచ్చింది. ముంజేతుల నిండా చెరుకు ఆకు గీసిన గీరలున్నాయి. విషయం చెప్పగానే ఆమె పట్వారీ వైపు చూసింది, మనోరమ వైపు చూసింది, చివరికి నా చేన్ల ఏమీ కొలవొద్దంది. ఎందుకని అడిగితే పనికి పోవాలంది. కొలవడం ఒక్క పూట పనేనని మనోరమ అంటే, ఆ పూట కూలి ఎవరిస్తారని అడిగింది. పట్వారీ మంచినీళ్ల కోసం పక్కకు పోయాక గాని అసలు మాట బయటికి రాలేదు.

"బిడ్డా, పటేల్ చెరుకు ఇంక సగం నిలవడ్డది. మా ఊర్ల పంట పోయిందని రాస్తే కరువు పని తెరుస్తరట. గా పనికి సర్కారు ఇచ్చేది ఈయనిచ్చే దానికి రెండింతలు. అందరం ఆడికే పోతం. అందుకే పోయిన చేన్లు లెక్కల ఎక్కొద్దని ఆయన చూస్తుండు. నా చేన్ల నువ్వు కొలుస్తుంటే చూస్తే రేపటి నుంచి నన్ను చెరుకుకు రానియ్యడు."

"కొలవకపోతే కరువు పని రాదు గదా, పెద్దమ్మా."

బసమ్మ కత్తిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. "నా చేను జూస్తే సున్నేనా రాస్తవు?" అని అడిగింది.

"ఏముంటే అది రాస్త."

"ఏముంటది, నీ కండ్లతోనే జూడు. దా" అని బసమ్మ ముందుకు నడిచింది.

రెండెకరాల చేను వాగు వైపుకు వాలుగా ఉంది. ఎగువ భాగమంతా నేల కనిపిస్తోంది. అక్కడొకటి ఇక్కడొకటి మొలిచిన కర్రలకు వేలెడు కంకులు, అవీ సగం తాలు. మనోరమ గట్టు వెంట ఒకసారి తిరిగి, నైరుతి మూలలో నిలబడింది. కొలత ఎప్పుడూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పట్వారీ టేపు ఒక కొస పట్టుకున్నాడు. పొడవు తొంభై ఆరు మీటర్లు, వెడల్పు ఎనభై నాలుగు. ఆమె నేలమీద కూర్చుని పట్టిక పుస్తకం తెరిచి, ఆ నెలకు నిర్ణయించిన పేజీలో, ఆ చేను నంబరుకు రావాల్సిన నిలువు వరుస పట్టుకుంది. పొడవుకు మించిన అంకెలు కొట్టేస్తూ దిగింది. ఎనభై ఎనిమిది దగ్గర ఆగింది. పక్క వరుసలో వెడల్పుకు డెబ్బై ఒకటి.

ఆ రెండంకెలూ ఫారంలో రాశాకే ఆమె లేచింది. ముందు రాయాలి, తర్వాత నడవాలి. అది నియమం.

పొడవు వెంట ఎనభై ఎనిమిది మీటర్లు నడిచి, అక్కడి నుంచి లోపలికి తిరిగారు. ముప్పై మీటర్లు, నలభై, యాభై. నేల దిగుతోంది. యాభై అయిదు దాటాక మనోరమ తలెత్తి చూసింది. ఎదురుగా, వాగు ఒడ్డున, ఒక ఇంటి వాకిలంత చోట జొన్న మనిషెత్తు నిలబడి ఉంది. సెప్టెంబరు వాన నీళ్లు చేనంతా జారి వచ్చి ఆ గుంటలో నిలిచినట్టున్నాయి. కంకులు పిడికిళ్లంత ఉన్నాయి. పిట్టలు కొట్టకుండా బసమ్మ వాటికి పాత చీర పేలికలు చుట్టి పెట్టుకుంది.

డెబ్బై ఒకటో మీటరు సరిగ్గా ఆ పచ్చదనం అంచు దాటి లోపల పడింది.

పట్వారీ చిన్నగా నవ్వాడు, కాని వెక్కిరింతగా కాదు. బసమ్మకు జరుగుతున్నదేమిటో అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఆమె వచ్చి మనోరమ చేతిలోని మేకును పట్టుకుంది.

"ఈడనా? బిడ్డా, గింత జాగనే ఇది. రెండెకరాలల్ల గింతే. ఇత్తనాలకని, రొట్టెకని కాపాడుకున్న. ఇది రాస్తే నా చేనంత గిట్లనే పండిందంటరు."

"నంబరు ఈడనే పడ్డది పెద్దమ్మా."

"నంబరుకేం ఎరుక? పది అడుగులు ఇవతలికి కొట్టు. ఆడ జూడు, ఏమన్న ఉన్నదా?"

పట్వారీ గొంతు సవరించుకున్నాడు. బసమ్మ చెప్పింది నిజమేనని, పది అడుగులు తేడా ఎవరికీ తెలియదని, కావాలంటే తాను సాక్షిగా సంతకం పెడతానని అన్నాడు. అతని గొంతులో నిజంగానే జాలి ఉంది. పొద్దుటి నుంచి అతను మనస్ఫూర్తిగా అన్న మొదటి మాట అదే.

మనోరమ మేకు పట్టుకుని నిలబడింది. పది అడుగుల అవతల నేల బోడిగా ఉంది. అక్కడ మేకు కొడితే రాసేది అబద్ధం కూడా కాదు, చేనులో తొంభై పాళ్లు అలాంటిదే. తాను వచ్చింది ఆ సంగతి రాయడానికే. సోమవారం నుంచి ఆమె మనసులో ఉన్న సున్న ఆ పది అడుగుల అవతల సిద్ధంగా ఉంది. కాని ఈ రోజు బసమ్మ కోసం మేకు జరిపితే, రేపు పటేల్ కోసం పట్వారీ జరుపుతాడు. వీళ్లు ఎంచుకున్న చోట వీళ్లు, వాళ్లు ఎంచుకున్న చోట వాళ్లు. అప్పుడు ఈ పుస్తకమెందుకు, ఈ తాడెందుకు, తానెందుకు? ఆ ఆలోచన ఆమెకు ధైర్యమేమీ ఇవ్వలేదు. అయినా వంగి, రాయి తీసుకుని, మేకును అక్కడే కొట్టింది.

బసమ్మ దూరంగా పోయి గట్టుమీద కూర్చుంది.

నాలుగు మేకులు పడ్డాయి. మూలకు మూల కొలిస్తే ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు రావాలి. మొదటిసారి ఏడూ పన్నెండు వచ్చింది. మనోరమ ఒక మేకు పీకి, సరిచేసి, మళ్లీ కొలిచింది. తాడు బిగించి కట్టి, అంచుమీద పడిన మొక్కల మొదళ్లు తాడుకు లోపల ఉన్నాయా బయట ఉన్నాయా అని ఒక్కొక్కదాని దగ్గరా వంగి చూసింది. మొదలు బయట ఉంటే కంకి లోపలికి వాలినా వదిలేయాలి. అలాంటివి రెండు పెద్ద కంకులున్నాయి. వదిలేసింది. కోయడం మొదలుపెట్టగానే బసమ్మ లేచి వచ్చింది. నా జొన్నలు నేనే కోసుకుంటానంది. పేలికలు విప్పి, కొడవలితో కంకులు కోసి, గోనెపట్టామీద పోసి కట్టెతో కొట్టింది, చేటతో గాలికి పట్టింది. ఒక్క గింజ అవతల పడకుండా వేళ్లతో ఏరింది.

తక్కెడ ముల్లు నిలిచాక పట్వారీ పైకే చదివాడు. మూడు కిలోల నాలుగు వందలు.

ఇరవై నాలుగు చేలల్లో అంత తూకం అప్పటిదాకా ఇంకో చోట రాలేదు. మనోరమ ఆ అంకెను గడిలో వేసి, గింజలను బసమ్మ కొంగులో పోసింది.

బసమ్మ కొంగు ముడి వేసుకుంటూ అంది, "నీ పుస్తకం మా దిక్కు ఎప్పుడు మాట్లాడుతది, బిడ్డా?"

రేపు అరవై రెండో నంబరు చేను కొలుస్తానని మాత్రం మనోరమ చెప్పింది.

*

ఆ సాయంత్రం జహీరాబాదు బస్సులో, నిలబడటానికి కూడా చోటులేని గుంపులో, మనోరమ ఆ మూడు కిలోల నాలుగు వందలనే తలచుకుంది. ఫారం చించి పారేయవచ్చన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదని చెప్పలేం. వచ్చింది. బీదర్ వెళ్లే బస్సు ఎదురై ఇరుకు వంతెన దగ్గర రెండు బస్సులూ ఆగినంత సేపు ఆ ఆలోచన ఉంది. బస్సు కదిలాక ఆమె మర్నాటి పని గురించి ఆలోచించడం మొదలుపెట్టింది.

పొద్దున మళ్లీ హాలదిన్నె చేరేసరికి చావడి ముందు జీపు ఆగి ఉంది. రామ్‌కిషన్‌రావు పటేల్ అరుగుమీద కూర్చుని ఉన్నాడు. తెల్లటి ధోవతి, మెత్తని మాట. ఆయన మనోరమను కూర్చోమని, చాయ్ తెప్పించి, నిన్న ఎంత ఎండలో కష్టపడిందో పట్వారీ చెప్పాడని మెచ్చుకున్నాడు. ఆడపిల్లయినా ఉద్యోగం అంత నిజాయితీగా చేయడం చూసి సంతోషమైందన్నాడు.

"మా ఊర్ల పంట మంచిగనే ఉన్నదని మీరే కొలిచి చూసిన్రు గదా అమ్మా. మూడు కిలోల పైన. ఇంక గా అరువై రెండు ఎందుకు? గా చెన్నబసప్ప పెండ్లాం పిల్లలను తీస్కొని బీదర్ దిక్కు పనికి పోయి రెండు నెలలైతున్నది. చేను జూపెట్టేటోడు గూడ లేడు. ఖాళీగ ఉండనియ్యిరి. జీపు ఉన్నది, డ్రైవరు బస్టాండుల దించుతడు."

నిన్నటి అంకె ఈ రోజు ఆయన నోట్లో ఎలా మారిందో విని మనోరమ చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఒక చేను కొలతతో ఊరి లెక్క కాదని, రెండోది కూడా పడాల్సిందేనని చెప్పింది. చెన్నబసప్ప లేకపోయినా హద్దులు తెలిసినవాళ్లు ఎవరైనా చూపిస్తే చాలు, నియమం అదేనంది. పటేల్ చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. చెరుకు కోతకు పోవాల్సిన వాళ్లు పదిమంది దాకా కత్తులు పట్టుకుని నిలబడి ఉన్నారు. హద్దులు ఎవరికి ఎరుక అని ఆయనే అడిగాడు. పట్వారీ తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

ఆ పదిమందిలోంచి బసమ్మ ఇవతలికి వచ్చింది. కత్తిని చావడి గోడకు ఆనించింది.

"నాకెరుక. నా చేను పక్క చేనే. ఉత్తరం దిక్కు తుమ్మ మొద్దు, పడమర దిక్కు తెల్ల రాయి. దా బిడ్డా."

పటేల్ ముఖం మారలేదు. ఈ రోజు చెరుకు పనికి రావా అని మాత్రం అడిగాడు. రానని బసమ్మ చెప్పింది. ఆమె అప్పటికే నడుస్తోంది.

దారిలో మనోరమ ఆమెను ఆపి, నిన్న నీకు నష్టమే చేశాను గదా, ఈ రోజు ఎందుకొచ్చావని అడిగింది. బసమ్మ వెనక్కి తిరిగి, చావడి ఎంత దూరముందో ఒకసారి చూసుకుంది.

"నిన్న రాత్రి నాకు మస్తు కోపమొచ్చింది. ముసల్దాని కండ్ల నీళ్లు జూసి గూడ మేకు జరపలేదు ఈ పిల్ల అనుకున్న. పొద్దుగాల పటేల్ జీపు జూసినంక అనిపించింది, నా కోసం జరపనిది గాయన కోసం గూడ జరపదు. గందుకే వచ్చిన."

అరవై రెండో నంబరు చేను చదునుగా, రాళ్లు తేలి ఉంది. నైరుతి మూల దగ్గర తెల్ల రాయి చూపించి, బసమ్మ టేపు కొస తానే తీసుకుంది. వచ్చిన అంకెలు ఇరవై ఆరు, నలభై మూడు. అవి ఎక్కడ పడితే అక్కడే మేకు పడింది. తాడు బిగించాక చూస్తే లోపల ఎండిపోయిన కర్రలు ముప్పైకి పైగా ఉన్నాయి, కంకి ఉన్నవి పదకొండు. పట్వారీ చొక్కా చేతులు పైకి మడుచుకుని, వద్దన్నా వినకుండా కోయడానికి దిగాడు. పదకొండు కంకులను గోనెమీద కొట్టడానికి కట్టె అక్కర్లేకపోయింది, అరచేతులతో నలిపారు. బసమ్మ ఊదుతుంటే తాలు ఎగిరిపోయి, గింజలు ఆమె అరచేతి గుంటలో మిగిలాయి.

తక్కెడలో కిలో రాయి, అరకిలో రాయి పనికిరాలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మనోరమ పెట్టెలోంచి తీయని చిన్న ఇత్తడి రాళ్లు తీసింది. యాభై సరిపోలేదు. ఇరవై వేసింది. పది వేసింది. అయిదు వేశాక ముల్లు నిలిచింది.

"ఎనభై అయిదు గ్రాములు" అంది మనోరమ.

పట్వారీ ఫారం అడిగి తీసుకున్నాడు. ‘ప్రయోగం జరగలేదు’ అన్న తన మాటను అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, ఖాళీ గడిలో ఆ అంకెను తన చేత్తోనే రాశాడు. రాశాక గొంతు సవరించుకున్నాడు. మొగుడంపల్లి దిక్కున్న ఖాళీల్లో రెండు తన బావమరిది పట్వారీగా ఉన్న ఊళ్లవని, వాటికి కూడా ఎవరూ పోలేదని, త్వరగా పోకపోతే పశువులను తోలి మేపేస్తారని చెప్పాడు. తాను ఉత్తరం రాసిస్తే అతను అడ్డుపడడన్నాడు. చావడి అరుగుమీద కూర్చుని ఆ ఉత్తరం రాశాడు కూడా. అప్పటికి పటేల్ జీపు అక్కడ లేదు.

*

మదన్‌మోహన్ రెండు ఫారాలూ చాలాసేపు చూశాడు. ఎనభై అయిదు గ్రాముల మీద కన్నా మూడు కిలోల నాలుగు వందల మీద ఎక్కువసేపు ఆగాడు. అంకెల పట్టిక తీసి, ఆ పేజీ తెరిచి, వరుస వెంట వేలు దించి, ఎనభై ఎనిమిది, డెబ్బై ఒకటి దగ్గర ఆపి తలూపాడు. చేను నక్షా కూడా తెప్పించుకుని చూశాడు.

"వాగు ఒడ్డు మూల గదా ఇది. పైన చేనెట్లున్నది?"

"పైనంత పోయింది సార్. గా మూలకే గింత పండింది."

"మరి వేరే జాగల కొలువమని ఎవరన్న అడగలేదా?"

"అడిగిన్రు సార్."

మదన్‌మోహన్ యంత్రం మీది గుడ్డ తీశాడు, మళ్లీ కప్పాడు. ఈ పిల్ల సున్నలు రాసుకురావడానికే పోయిందని ఆయన సోమవారం అనుకున్నాడు. అలా రాసుకొచ్చి ఉంటే ఆ ఫారాలను పక్కన పడేయడం ఆయనకు తేలికయ్యేది. ఇప్పుడు తనకు గిట్టని అంకెను కూడా ఉన్నది ఉన్నట్టు తెచ్చిన మనిషి ఎనభై అయిదు గ్రాములని రాస్తే, దాన్ని కాదనడం కుదరదు. ఆయన అలమారలోంచి తన టోపీ తీసుకున్నాడు. మిగతా అయిదింటికి తానూ వస్తానన్నాడు.

నాలుగు రోజులు తిరిగారు. మొగుడంపల్లి దిక్కు రెండు ఊళ్లలో విరూపాక్ష బావమరిది ఉత్తరం చదువుకుని టేపు పట్టాడు. ఒకచోట రెండు వందల గ్రాములు వచ్చాయి, ఇంకోచోట మూడు వందల పదిహేను. మూడో ఊళ్లో ఏమీ రాలేదు. రాయికోడ్ దాటాక ఉన్న ఊళ్లో అయితే చేనులో మొలకే సరిగా లేదు. మనోరమ అక్కడ కూడా మూలకు మూల కొలిచి తాడు కట్టింది. మదన్‌మోహన్ మోకాళ్లమీద కూర్చుని, తాడు లోపల ఒక్క కంకైనా ఉందేమోనని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికాడు. ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకుంటూ లేచి, రాయమని సైగ చేశాడు. ఆమె సున్న రాసింది. ఆయన దాని కింద సంతకం పెట్టాడు. చివరి చేనులోనూ అదే జరిగింది.

ఇరవై నాలుగు గడులూ నిండాక సగటు ఒక కిలో అయిదు వందల పన్నెండు గ్రాములు తేలింది. బసమ్మ మూలే లేకపోతే అది ఇంకా తక్కువ ఉండేది. వారానికల్లా పై నుంచి ఉత్తరం వచ్చింది. నిరుటి మీద అంత తగ్గుదల ఎందుకు కనిపిస్తోందో, పనిచేసినవాళ్ల అనుభవలేమి కారణమా అని అందులో అడిగారు. మదన్‌మోహన్ జవాబు తానే రాశాడు. ఈసారి పంట లేని చేలను కూడా కొలిచామని, కొలిచినచోట తానూ ఉన్నానని రెండే వాక్యాలు. మనోరమ ప్రొబేషన్ కాగితం మీద కూడా అదే రోజు సంతకం పెట్టాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, గుమస్తా ద్వారా తెలిసింది.

మార్చి రెండో వారంలో న్యాల్‌కల్ రోడ్డుమీద కరువు పని తెరిచారు. ఆ లెక్కల వల్లనే తెరిచారని ఎవరూ చెప్పలేదు. బావులు ఎండుతున్నాయని రెవెన్యూవాళ్లు రాసిన నివేదికలు కూడా ఉన్నాయి, ఊళ్లనుంచి వచ్చిన అర్జీలూ ఉన్నాయి. మనోరమ కందుల లెక్క కోసం అటు పోతూ, కంకర కుప్పల దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు కిటికీలోంచి బసమ్మను చూసి, అక్కడే దిగిపోయింది.

రోడ్డు పక్కన నలభై మంది దాకా రాళ్లు కొడుతున్నారు. బసమ్మ కనుబొమల మీద తెల్లటి దుమ్ము పేరుకుని ఉంది. పటేల్ చెరుకు ఏమైందని మనోరమ అడిగితే, కూలి పెంచాకే నరికారని, తనను మాత్రం పిలవలేదని చెప్పింది. ఫికర్ లేదంది. తర్వాత సుత్తి పక్కన పెట్టి, మా ఊరి లెక్క చివరికి ఎంతొచ్చిందని అడిగింది.

"రెండు చేన్లు కలిపి సగం చేస్తే ఒక కిలో ఏడు వందల నలభై."

బసమ్మ వేళ్లమీద ఏదో లెక్క వేసుకుంది. "నాది తీసేస్తే?"

"తీసెయ్యరాదు పెద్దమ్మా."

"తియ్యమంటలేను. ఊరికె అడిగిన." మళ్లీ అంది, "గా మూల పండింది నిజమే గదా. రాత్రిపూట నీళ్లు మోసి మోసి పండించిన. ఉండనియ్. చెన్నబసప్పది గూడ ఉన్నది గదా లెక్కల?"

"ఉన్నది. ఎనభై అయిదు గ్రాములు."

"ఆడు వస్తే చెప్త" అంది బసమ్మ. "తన చేను లెక్కల ఎక్కిందని ఆనికి తెల్వదు." సుత్తి అందుకుని, కుప్పలోంచి ఒక పెద్ద రాయిని పాదంతో ముందుకు జరుపుకుని, దెబ్బ ఎక్కడ వేస్తే పగులుతుందో చూసుకుంటూ వంగింది.